చింతగింజలు, తొమ్మిది సీట్లు, ఒక కుర్చీ: సిరొంచ నుంచి ఒక కేస్ స్టడీ

2024 ఫిబ్రవరి 15న తెలంగాణ శాసనసభలో కాళేశ్వరం ప్రాజెక్టుపై కాగ్ (ప్రభుత్వ లెక్కలను ఆడిట్ చేసే సంస్థ) నివేదిక పెట్టారు. ఆ వారంలోనే నలుగురు రైతులు నా గదికి వచ్చారు. ఒకాయన చేతి సంచిలో సాత్‌బారా (మహారాష్ట్రలో భూమి రికార్డు) నకళ్ళు, తలాఠీ (ఊరి రెవెన్యూ ఉద్యోగి) రాసిన పంచనామా కాగితాలు, 2022 జూలై వరదల ఫొటోలు ఉన్నాయి. ఇంకొకాయన మొబైల్‌లో నివేదిక గురించిన వార్త తెరిచి పట్టుకున్నాడు. కూర్చోకముందే అడిగారు: "సారూ, దీని మీద విచారణ చేసే కమిటీ ఒకటి ఉంటదంట గదా. దానికి పెద్దమనిషి ఎవలు? మన కాయితం ఆయనకు రాస్తే చూస్తడా?"

నేను చాలా ఏళ్ళు స్థానిక నిధుల ఆడిట్‌లో పనిచేశాను. ఇప్పుడు మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా చివర, తెలంగాణ సరిహద్దున ఉన్న ఈ సిరొంచలో, ఆడిట్ నివేదికలు చదవడం, అర్జీలు రాయడం ఊళ్ళవాళ్ళకు నేర్పుతున్నాను. వాళ్ళు అడిగిన ఆ చిన్న ప్రశ్నకు సరైన జవాబు చెప్పడానికి నాకు ఏడాది దాకా పట్టింది. ఆ ఏడాదిలో తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. మొదట చేసిన తప్పు నుంచే మొదలుపెడతాను.

తెలియనివాళ్ళ కోసం ముందు మా ఊరి సంగతి. మా ఇళ్ళల్లో తెలుగు, ఆఫీసుల్లో మరాఠీ. జిల్లా కేంద్రం రెండు వందల కిలోమీటర్ల దూరం. నది దాటితే మాత్రం కాళేశ్వరం గుడి. కాళేశ్వరం ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీ ఒక కొస అవతల మహదేవ్‌పూర్ మండలంలో, రెండో కొస ఇవతల మా తాలూకాలోని పోచంపల్లి దగ్గర ఉంది. నీటిమట్టం 100 మీటర్లకు ఒప్పుకుంటూ రెండు రాష్ట్రాలు 2016 ఆగస్టు 23న ముంబైలో సంతకాలు చేశాయి. 2019 జూన్ 21న ప్రారంభోత్సవం జరిగింది. 2023 అక్టోబర్ 21న ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగాయి. బ్యాక్‌వాటర్ (బ్యారేజీ వెనుక నిలిచే నీరు) వల్ల పత్తి, మిర్చి చేలు మునుగుతున్నాయని మా ఒడ్డు రైతులు ధర్నాలు చేసిన సంగతి పేపర్లు చదివేవాళ్ళందరికీ తెలుసు. అంటే మా వాళ్ళు ఓటు వేసేది ముంబై సభకు. వాళ్ళ చేలను మార్చిన ప్రాజెక్టు లెక్కలు తేలాల్సింది హైదరాబాద్ సభలో.

తప్పు నాదే

ఆ రోజే ఉత్సాహంగా ఒక వినతిపత్రం రాయించాను. కాగ్ నివేదికలను విచారించే కమిటీ పేరు పీఏసీ, అంటే శాసనసభ ప్రజా పద్దుల కమిటీ. పాత పేపర్ కటింగ్‌లో దాని చైర్మన్ పేరు దొరికితే ఆ పేరు మీదే రిజిస్టర్ పోస్టులో పంపాం. రెండు నెలలు ఎదురుచూశాం. వాళ్ళు వారం వారం వచ్చి అడుగుతుంటే నాకు టెన్షన్ మొదలైంది. అప్పుడు కూర్చుని తేదీలు సరిచూసుకున్నాను. 2023 డిసెంబర్‌లో కొత్త సభ వచ్చింది. పాత సభతోపాటే దాని కమిటీలూ పోయాయి. కొత్త పీఏసీ ఇంకా ఏర్పడనే లేదు. లేని కమిటీకి, లేని చైర్మన్‌కు మేం ఉత్తరం రాశాం. చివరికి ఆ కమిటీకి చైర్మన్ వచ్చింది 2024 సెప్టెంబర్‌లో. కాగ్ నివేదిక సభకు వచ్చాక ఏడు నెలలకు.

ఇంకో తప్పు కూడా చేశాను. ఆ కాగితంలో మేం పరిహారం అడిగాం. పీఏసీ పరిహారం ఇచ్చే చోటు కాదు. సభ మంజూరు చేసిన డబ్బు ఆ పనికే, ఆ పద్ధతిలోనే ఖర్చయిందా అని కాగ్ నివేదిక పట్టుకుని అడిగే చోటు. అధికారులను పిలిచి వాంగ్మూలం తీసుకుంటుంది, సిఫార్సులు చేస్తుంది. ఇన్నేళ్ళు ఆడిట్‌లో ఉండి నాకు ఆ తేడా తెలియదని కాదు. ఎదురుగా కూర్చున్నవాళ్ళ ముఖాలు చూసి తొందరపడ్డాను.

చైర్మన్ ఎందుకంత ముఖ్యం

కాగ్ నివేదికల్లో పేరాలు వందల కొద్దీ ఉంటాయి. కమిటీ కూర్చునే రోజులు తక్కువ. అందుకని ఏ పేరా మీద అధికారులను ఎదురుగా కూర్చోబెట్టి అడగాలి, దేనికి రాతపూర్వక జవాబుతో సరిపెట్టాలి, మీటింగ్ ఎప్పుడు పెట్టాలి అనే విషయాల్లో చైర్మన్ మాటే ముందు వినిపిస్తుంది. ముసాయిదా నివేదిక ఆయన పేరు మీదే కమిటీ ముందుకు వస్తుంది. ఓట్లు సమానమైతే ఆయన రెండో ఓటు వేస్తాడు. పైగా మన దగ్గర పీఏసీ సమావేశాలు తలుపులు మూసి జరుగుతాయి. మా వాళ్ళలో ఒకాయన "మేం పోయి వెనుక కూసొని వినొచ్చా?" అని అడిగాడు. వినడానికి లేదు. బయటివాళ్ళు చూడలేని గది కనుకనే లోపల పెద్దకుర్చీలో ఎవరున్నారన్నది ఇంకా ఎక్కువ పట్టించుకోవాలి.

ఆ కుర్చీ కథ నేను క్లాసులో ఎప్పుడూ 1921 నుంచి మొదలుపెడతాను. బ్రిటిష్ కాలంలో పీఏసీ ఏర్పడిన ఏడాది అది. అప్పటినుంచి రాజ్యాంగం వచ్చేదాకా దానికి అధ్యక్షుడు ప్రభుత్వంలో ఆర్థిక శాఖ చూసే ఆర్థిక సభ్యుడే, చివరి ఏళ్ళలో ఆర్థిక మంత్రే. లెక్క చెప్పాల్సినవాడే లెక్క అడిగే కుర్చీలో కూర్చున్నాడు. 1950లో అది పోయింది. కమిటీ స్పీకర్ కిందికి వచ్చింది, మంత్రులు సభ్యులుగా ఉండకూడదన్నారు. అయినా చైర్మన్‌గా ఇంకో పదిహేడేళ్ళు పాలకపక్షం వాళ్ళే కూర్చున్నారు. 1967లో మొదటిసారి ప్రతిపక్షం నుంచి స్వతంత్ర పార్టీ సభ్యుడు మినూ మసానీని నియమించారు. అప్పటి లోక్‌సభ స్పీకర్ మన నీలం సంజీవరెడ్డి. స్పీకర్ అయ్యాక పార్టీ సభ్యత్వానికి కూడా రాజీనామా చేసిన మనిషి ఆయన. ఈ మాట చెప్పినప్పుడు మా క్లాసులో కొందరు నిటారుగా కూర్చుంటారు. నాకూ ఆ క్షణం ఇష్టం. జనతా ప్రభుత్వం ఉన్న రోజుల్లో, 1978–79లో, ఆ కుర్చీలో కూర్చున్నది హన్మకొండ ఎంపీ పి.వి. నరసింహారావు.

1967 తర్వాత లోక్‌సభలో ఈ ఆనవాయితీ గట్టిగానే నిలబడింది. 2014లో కాంగ్రెస్‌కు 44 సీట్లు, 2019లో 52 వచ్చాయి. ప్రతిపక్ష నేత హోదాకు కావాల్సిన 55 రెండుసార్లూ రాలేదు, ఆ కుర్చీ పదేళ్ళు ఖాళీగానే ఉంది. అయినా పీఏసీ చైర్మన్‌గా కె.వి. థామస్, మల్లికార్జున ఖర్గే, అధీర్ రంజన్ చౌధురి వరసగా కూర్చున్నారు. ప్రతిపక్ష నేత లేకపోతే పీఏసీ చైర్మన్ కూడా ప్రతిపక్షానికి రాదని అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ రెండింటికీ ముడి లేదు.

కానీ ఇదంతా ఆనవాయితీ. నిబంధనల పుస్తకంలో ఉన్న మాట ఇది: కమిటీ సభ్యుల్లోంచి ఒకరిని స్పీకర్ చైర్మన్‌గా నియమిస్తారు. ప్రతిపక్షం అనే మాటే అందులో లేదు.

చింతగింజల లెక్క

ఇది మాటల్లో చెబితే ఎక్కదు. అందుకే ఒక శనివారం సాయంత్రం సమాజ మందిర్‌లో ఇరవై మందిని కూర్చోబెట్టి చింతగింజలతో ఎన్నిక పెట్టాను. 119 గింజలు, తెలంగాణ సభలో సీట్లన్ని. 2023 ఫలితాల ప్రకారం పళ్ళేల్లో పోశాం: కాంగ్రెస్ 64, బీఆర్‌ఎస్ 39, బీజేపీ 8, మజ్లిస్ 7, సీపీఐ 1. శాసనసభ నుంచి పీఏసీకి వెళ్ళేది తొమ్మిది మంది. దామాషా పద్ధతి, ఏక ఓటు బదిలీ: ఒక్కో ఎమ్మెల్యేకు ఒకే ఓటు, దాని మీద ప్రాధాన్యాలు రాస్తారు, ఒకరికి అక్కర్లేని ఓటు తర్వాతి ప్రాధాన్యానికి మారుతుంది.

గెలవడానికి ఎన్ని గింజలు కావాలి? అందరూ 119ని 9తో భాగించారు. అలా కాదు, సీట్ల సంఖ్యకు ఒకటి కలిపి భాగించాలి. 119ని 10తో భాగిస్తే 11.9. భిన్నం తీసేసి ఒకటి కలిపితే 12. ఎందుకో చూపించమన్నారు. తొమ్మిది కుప్పలు, ఒక్కొక్కటి 12 గింజలతో పెట్టించాను. 108 అయ్యాయి, మిగిలినవి 11. వాటితో పదో కుప్ప పెట్టలేం. అంటే 12 ఉన్నవాణ్ణి ఎవరూ వెనక్కి నెట్టలేరు. ఒక కుర్రాడు గింజలు రెండుసార్లు లెక్కపెట్టి ఒప్పుకున్నాడు.

ఇక కాంగ్రెస్ పళ్ళెంలోంచి ఐదు కుప్పలు, బీఆర్‌ఎస్ పళ్ళెంలోంచి మూడు వచ్చాయి. ఎనిమిది సీట్లు ఎవరి దయా లేకుండా తేలిపోయాయి. తొమ్మిదోది మాత్రం ఎవరికీ సొంతంగా రాదు. కాంగ్రెస్‌కు 4, బీఆర్‌ఎస్‌కు 3 మిగిలాయి. బీజేపీ 8, మజ్లిస్ 7, సీపీఐ 1. రెండో ప్రాధాన్య ఓటు ఎవరికి పోతుందో దాన్ని బట్టే ఆ సీటు. అక్కడ చాలాసేపు వాదించుకున్నారు. నిజానికి సభల్లో ఇంత దూరం రాదు. పార్టీలు ముందే మాట్లాడుకుని సీట్లు ఎన్నో నామినేషన్లు అన్నే వేస్తాయి, ఏకగ్రీవం అయిపోతుంది. కానీ ఆ మాటలు ఈ లెక్కను మనసులో పెట్టుకునే జరుగుతాయి.

ఆంధ్రప్రదేశ్ లెక్క కూడా చేశాం. 175ని 10తో భాగిస్తే 17.5, కావాల్సింది 18. 2024 ఎన్నికల్లో వైసీపీకి వచ్చినవి 11. ఆ నవంబర్‌లో పీఏసీ ఎన్నికకు పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డి నామినేషన్ వేశారు, వాళ్ళ పార్టీ ఓటింగ్‌ను బహిష్కరించింది. పాలక కూటమిలోని జనసేన ఎమ్మెల్యే పులపర్తి రామాంజనేయులు చైర్మన్ అయ్యారు. సంప్రదాయం ప్రకారం మాకే ఇవ్వాలని ఒక పక్షం అంది, సభ్యుడిగా గెలవడానికే బలం లేదని ఇంకో పక్షం అంది. గింజల ముందు కూర్చున్నవాళ్ళకు రెండు మాటలూ అర్థమయ్యాయి. సభ్యుడు కానిదే చైర్మన్ కాలేడు. సభ్యత్వం లెక్కతో వస్తుంది. లెక్కలో నిలవని ప్రతిపక్షానికి ఆనవాయితీ దక్కాలంటే పాలకపక్షం తన గింజల్లోంచి ఏడు ఇవ్వాలి.

2019లో తెలంగాణలో జరిగిందీ అలాగే చూడాలి. కాంగ్రెస్ నుంచి గెలిచిన 19 మందిలో 12 మంది టీఆర్‌ఎస్‌లో (తర్వాత బీఆర్‌ఎస్ అయిన పార్టీ) విలీనమయ్యారు. ఏడుగురున్న మజ్లిస్ రెండో పెద్ద పార్టీ అయింది. అక్బరుద్దీన్ ఒవైసీ పీఏసీ చైర్మన్ అయ్యారు. ఏడు గింజలతో 12 గింజల కుప్ప నిండదు. మిగతావాళ్ళు ఒప్పుకోకపోతే ఆ సీటు రాదు. ఇతరుల ఒప్పుకోలు మీద వచ్చిన కుర్చీలో కూర్చున్నవాడు ఎంత గట్టిగా అడగగలడన్నది ఆ మనిషి స్వభావం మీద ఆధారపడుతుంది. దాన్ని ఏ నిబంధనా తేల్చలేదు. నేను ఇక్కడ ఎవరి పనినీ తప్పుపట్టడం లేదు.

కుప్పలు పెట్టడం అయిపోయాక, అంతసేపూ మాట్లాడకుండా కూర్చున్న ఒక వార్డు మెంబర్ అక్క అడిగింది: "సీట్లకైతే గింజలు పంచినం. కుర్చీకి గింజ ఏది సారూ?"

లేదు. ఈ కేసు మొత్తంలో నేను చెప్పదలచుకున్నది ఆమె ఆ ఒక్క ప్రశ్నలో అడిగేసింది. సభ్యులను ఎన్నుకుంటారు, చైర్మన్‌ను నియమిస్తారు. తొమ్మిది మందికి ఓటు పద్ధతి ఉంది, లెక్క ఉంది, వాళ్ళలో ముఖ్యుడికి ఒక మనిషి నిర్ణయం తప్ప ఏమీ లేదు.

2024 సెప్టెంబర్‌లో మా కళ్ళముందే జరిగింది చూడండి. హరీశ్‌రావుకు ఇవ్వాలని బీఆర్‌ఎస్ కోరింది. స్పీకర్ శేరిలింగంపల్లి ఎమ్మెల్యే అరికెపూడి గాంధీని నియమించారు. ఆయన గెలిచింది బీఆర్‌ఎస్ టికెట్ మీద. తర్వాత కాంగ్రెస్‌లో చేరారని బీఆర్‌ఎస్ ఫిర్యాదు, రికార్డుల్లో ఆయన బీఆర్‌ఎస్ సభ్యుడే కదా అని పాలకపక్షం జవాబు. ఎవరిది న్యాయమన్నది పక్కన పెట్టినా, ఒక సభ్యుడు ఏ పార్టీవాడో పదో షెడ్యూల్ (ఫిరాయింపుల నిరోధక చట్టం) కింద తేల్చేదీ స్పీకరే, అతణ్ణి చైర్మన్ చేసేదీ స్పీకరే. ప్రతిపక్షం అంటే ఎవరు అన్న ప్రశ్నకు రాసిపెట్టిన నిర్వచనం లేనంతకాలం ఈ గొడవ ప్రతి సభలో ఏదో ఒక రూపంలో వస్తుంది. పశ్చిమ బెంగాల్‌లో 2021లో, బీజేపీ టికెట్ మీద గెలిచి తృణమూల్‌లో చేరిన ముకుల్ రాయ్ నియామకం మీద ఇదే గొడవ కలకత్తా హైకోర్టు దాకా వెళ్ళింది.

కుర్చీకీ గింజలు ఉన్న చోటు

బ్రిటన్ పార్లమెంటులో పీఏసీ 1861 నాటిది. అక్కడ కూడా చాలాకాలం కమిటీ చైర్మన్లను పార్టీల విప్‌లు తెర వెనుక కుదుర్చుకునేవాళ్ళు. 2009లో ఎంపీల ఖర్చుల బిల్లుల కుంభకోణం బయటపడి సభ పరువు పోయింది. టోనీ రైట్ అనే ఎంపీ నాయకత్వంలో సంస్కరణల కమిటీ వేశారు. 2010 నుంచి చాలా కమిటీల చైర్మన్లను కామన్స్ సభ మొత్తం రహస్య ఓటుతో ఎన్నుకుంటోంది.

పద్ధతి ఇలా ఉంటుంది. ఎన్నికలయ్యాక ఏ పార్టీకి ఎన్ని చైర్మన్ పదవులో బలాన్ని బట్టి ముందు పంచుకుంటారు, ఏ కమిటీ ఎవరిదో కూడా అప్పుడే తేలిపోతుంది. ఆ పార్టీ వాళ్ళే నిలబడాలి, ఓటు మాత్రం అన్ని పార్టీల సభ్యులదీ. బ్యాలెట్ మీద ఒకటి, రెండు, మూడు అని ప్రాధాన్యాలు రాస్తారు. పీఏసీ చైర్మన్ ప్రతిపక్షం నుంచే ఉండాలని అక్కడ సభ నిబంధనల్లోనే (స్టాండింగ్ ఆర్డర్) రాసుకున్నారు. ఆ పద్ధతిలో గెలిచిన మొదటి పీఏసీ చైర్మన్ మార్గరెట్ హాడ్జ్. అవతలి పార్టీవాళ్ళ ఓట్లు కూడా కావాలి కనుక పోటీ చేసేవాళ్ళు వాళ్ళ దగ్గరికీ వెళ్ళి, నేను ఏమేం విచారిస్తానో చెప్పుకోవాలి. విచారణలు కూడా జనం చూస్తుండగానే జరుగుతాయి.

ఇది చెప్పగానే ఆ వార్డు మెంబర్ అక్కే ఇంకో మాట అంది: "అందరు ఓటేస్తే సర్కారు వాళ్ళకే గింజలు ఎక్కువ గదా. ప్రతిపక్షంలో మెత్తగ ఉన్నోన్ని చూసి వాళ్ళే గెలిపిచ్చుకుంటరు." సరైన అభ్యంతరం. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. రహస్య ఓటు కొంత కాపాడుతుంది, పోటీ బహిరంగంగా జరగడం ఇంకొంత. నా అభిప్రాయం అడిగితే, మన దగ్గర ముందు చేయాల్సింది 1967 ఆనవాయితీని నిబంధనగా రాయడం, ప్రతిపక్షం అంటే ఏ తేదీ నాటి ఏ పార్టీయో అందులోనే చెప్పడం. ఓటింగ్ సంగతి ఆ తర్వాత. కనీసం కమిటీ సభ్యులైనా తమ చైర్మన్‌ను తామే రహస్యంగా ఎన్నుకోవచ్చు. గదిలో కలిసి కూర్చోవాల్సింది వాళ్ళే.

చైర్మన్ ఒక్కడితో అంతా అయిపోతుందని కూడా నేను చెప్పను. 2011 ఏప్రిల్‌లో 2జీ స్పెక్ట్రమ్ కేటాయింపుల మీద అప్పటి లోక్‌సభ పీఏసీ చైర్మన్ మురళీ మనోహర్ జోషి ముసాయిదా నివేదిక పెట్టినప్పుడు కమిటీలో మెజారిటీ దాన్ని తిప్పికొట్టింది. ఆయన సమావేశం ముగించి వెళ్ళిపోతే, మిగిలినవాళ్ళు తమలో ఒకరైన సైఫుద్దీన్ సోజ్‌ను కుర్చీలో కూర్చోబెట్టి నివేదికను తిరస్కరించామన్నారు. జోషి దాన్ని స్పీకర్ మీరా కుమార్‌కు పంపితే ఆమె తిప్పి పంపారు. బలమైన చైర్మన్ ఉన్నా, కుప్పల లెక్క వెనుక నిలబడకపోతే నివేదిక సభకు చేరదు. మా వాళ్ళకు ఇది చెప్పడం అవసరమనిపించింది, ఎందుకంటే గింజల క్లాసు తర్వాత అందరి చూపూ ఒక్క పేరు మీదే పడింది.

రెండో కాగితం

2024 చివర్లో కాగితాన్ని మళ్ళీ రాశాం. ఈసారి పరిహారం మాట తీసేశాం. కాగ్ నివేదికలోని అంకెలతో మొదలుపెట్టాం: 81,911 కోట్ల అంచనా 1,47,427 కోట్లు దాటవచ్చని, ప్రతి రూపాయికి వచ్చే ఫలితం 1.51 అని చూపినది 0.52కే పడిపోయిందని కాగ్ రాసింది. తర్వాత మూడే ప్రశ్నలు పెట్టాం. బ్యాక్‌వాటర్ వల్ల నది ఇవతలి ఒడ్డున పోయే భూమి ఖర్చును అంచనాలో ఏ పద్దు కింద చూపారు? అందులో ఎంత ఖర్చయింది? గేట్లు తెరిచిన రోజుల్లో ఇవతలి ఊళ్ళ నీటిమట్టం రికార్డు చేశారా, చేస్తే ఆ రిజిస్టర్ ఎక్కడుంది? సాత్‌బారాలు అనుబంధంగా జతచేశాం. రైతులకు మొదట నచ్చలేదు. "మన బాధ ఎక్కడ రాసినవు?" అని పెద్దాయన కోప్పడ్డాడు. ఆడిట్ మనిషికి బాధ అంకెలో కనిపించాలి కాకా అని చెప్పాను. ఆయన సంతకం పెట్టాడు గానీ, కాకాకు పూర్తిగా నచ్చలేదని నాకు తెలుసు.

చిరునామాలో పేరు రాయలేదు. పదవి పేరే రాశాం, చైర్మన్ మారినా కాగితం ఆ కుర్చీకే చేరేలా. కాపీలు కమిటీ సభ్యులందరికీ, అన్ని పార్టీలవాళ్ళకీ పంపాం. కమిటీ కాలం ఏడాదే కాబట్టి మళ్ళీ ఏర్పడినప్పుడల్లా పంపడానికి ఒక రిజిస్టర్ పెట్టాం. అందులో తేదీ, సభ్యుల పేర్లు, పోస్టు రసీదు నంబరు రాస్తాం. ఆ రిజిస్టర్ గింజలు రెండుసార్లు లెక్కపెట్టిన ఆ కుర్రాడి దగ్గర ఉంది. పరిహారం అర్జీని వేరుగా రాసి మన సొంత దారిలో పెట్టాం: తహసీల్, కలెక్టర్, ఆ పైన అహేరీ ఎమ్మెల్యే ద్వారా ముంబై సభ. తెలంగాణ కమిటీకి గడ్చిరోలి కలెక్టర్ జవాబు చెప్పడు, మన సభ కమిటీకి బ్యారేజీ ఇంజనీర్లు జవాబు చెప్పరు. ఈ రెండు కాగితాలూ ఎప్పుడూ ఒకే కవర్లో వెళ్ళకూడదు.

ఒక సభ్యుడి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది, అనుబంధాలు స్కాన్ చేసి పంపమన్నారు. పంపాం. ఇప్పటిదాకా జరిగింది అంతే.

మొన్నటి క్లాసు అయ్యాక గింజలు ఏరి మూట కడుతూ వార్డు మెంబర్ అక్క అడిగింది, మన ముంబై సభలో ఎంతమందని. 288 అన్నాను. ఆ తర్వాతి శనివారం ఇంకో సంచి గింజలు తెచ్చింది.